180 లీటర్లు వడకట్టి, లీటరున్నర మాత్రమే బయటకు పంపడం ఎందుకు?

ప్రశ్న:
మూత్రపిండాలు రెండూ కలిసి రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడకడతాయనీ, అందులో మూత్రంగా బయటకు పోయేది లీటరున్నరకు అటూ ఇటూగా మాత్రమేననీ చదివాను. పెద్దవారి ఒంట్లో రక్తమే ఐదు లీటర్లు ఉంటుందన్నప్పుడు ఈ 180 లీటర్లు ఎక్కడి నుంచి వస్తున్నాయి? పైగా, వడకట్టినదానిలో 99 శాతాన్ని మళ్లీ రక్తంలోకే చేర్చుకునే పక్షంలో, మొదటే వ్యర్థాలను మాత్రం ఏరి పారేస్తే సరిపోయేది కదా? తెలిసినవారు దయచేసి వివరించగలరు.

సమాధానం 1:
మొదటి సందేహం లెక్కతోనే తీరుతుందండి. విశ్రాంతిగా ఉన్నప్పుడు గుండె నిమిషానికి పంపే ఐదు లీటర్ల రక్తంలో ఐదో వంతు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే, మూత్రపిండాలకు వెళ్తుంది. రెండూ కలిపి సుమారు 300 గ్రాములుండే అవయవాలకు అది చాలా పెద్ద వాటా. ఆ రక్తంలోని ప్లాస్మా (రక్తకణాలు పోగా మిగిలే ద్రవభాగం) నుంచి నిమిషానికి దాదాపు 125 మిల్లీలీటర్ల ద్రవం నెఫ్రాన్లలోకి, అంటే మూత్రపిండాల్లోని సన్నని వడపోత గొట్టాల్లోకి, దిగుతుంది. రోజుకు 1,440 నిమిషాలు కనుక మొత్తం 180 లీటర్లవుతుంది. అంటే ఒంట్లో ఉన్న మూడు లీటర్ల ప్లాస్మాయే రోజుకు 60 సార్లు వడపోతకు వస్తోందన్నమాట.

ఇక రెండో ప్రశ్న. వ్యర్థాలను మాత్రమే ఏరి పారేయాలంటే ప్రతి వ్యర్థాన్నీ గుర్తుపట్టే ప్రత్యేక ఏర్పాటు ఉండాలి. శరీరం అంతకుముందెన్నడూ చూడని పదార్థం లోపలికి వస్తే దానిని గుర్తుపట్టేదెవరు? నెఫ్రాన్ మొదట్లో ఉండి రక్తాన్ని వడకట్టే సన్నని రక్తనాళాల చుట్ట అయిన గ్లోమెరులస్‌లో ఆ బెడద లేదు. రక్తకణాలు, చాలా ప్రోటీన్లు పెద్దవి కనుక రక్తంలోనే ఆగిపోతాయి. నీరు, లవణాలు, గ్లూకోజ్, అమైనో ఆమ్లాలు, యూరియా, క్రియాటినిన్ వంటి చిన్నవన్నీ మంచీ చెడూ తేడా లేకుండా గొట్టంలోకి దిగుతాయి. ఆ తర్వాత ఆ గొట్టం (నాళిక) గోడలలోని కణాలు శరీరానికి కావలసినవాటిని మాత్రం వెనక్కి తీసుకుంటాయి. ఇల్లు సర్దేటప్పుడు సామానంతా వాకిట్లో పెట్టి, అవసరమైనవే లోపలికి తెచ్చుకున్నట్టు. ఎవరూ తీసుకోనివి వాటంతటవే బయటకు పోతాయి.

గ్లూకోజ్‌నే చూడండి. రోజుకు దాదాపు 180 గ్రాముల గ్లూకోజ్ వడపోతలోకి దిగినా, ఆరోగ్యవంతుల మూత్రంలో అది దాదాపుగా కనిపించదు. రక్తంలో దాని స్థాయి డెసిలీటరుకు సుమారు 180 మిల్లీగ్రాములు దాటితే మాత్రం తిరిగి తీసుకునే కణాల శక్తి చాలక, మిగిలినది మూత్రంలోకి జారుతుంది. మధుమేహంలో మూత్రంలో చక్కెర కనిపించేది ఇందుకే.

సమాధానం 2:
పై వివరణ సరైనదే గాని, ఏరి పారేసే పని అసలే లేదనుకోకూడదు. వడపోతలో దిగని కొన్ని పదార్థాలను నాళిక కణాలు పక్కనున్న రక్తం నుంచి లాగి గొట్టంలోకి నెడతాయి. పెన్సిలిన్ శరీరం నుంచి అంత వేగంగా వెళ్లిపోవడానికి ఈ స్రావణమే ప్రధాన కారణం. ఆ మందు అతి కొద్దిగా తయారవుతున్న 1940ల తొలినాళ్లలో రోగుల మూత్రం నుంచి దానిని వేరుచేసి తిరిగి వాడిన సందర్భాలున్నాయి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. అయితే నీళ్లు తక్కువగా తాగిన రోజు మూత్రం చిక్కబడాలని మూత్రపిండాలకు ఎలా తెలుస్తుంది?

సమాధానం 3:
వాటికి తెలియనవసరం లేదు, మెదడు చెబుతుంది. రక్తం గాఢత ఒకటి రెండు శాతం పెరిగినా మెదడులోని హైపోథాలమస్ అనే భాగం పసిగడుతుంది. పీయూష గ్రంథి నుంచి వాసోప్రెస్సిన్ అనే హార్మోన్ విడుదలవుతుంది. అది సంగ్రహణ నాళాల (నెఫ్రాన్ల నుంచి వచ్చే ద్రవం చివరగా చేరే గొట్టాల) గోడలలో ఆక్వాపోరిన్లనే నీటి ద్వారాలను తెరిపిస్తుంది. ఈ నాళాలు మూత్రపిండపు లోపలి పొర గుండా సాగుతాయి. నెఫ్రాన్‌లో వంపు తిరిగిన భాగమైన హెన్లీ శిక్యం పనితనం వల్ల అక్కడి ద్రవం, లోతుకు పోయేకొద్దీ, రక్తం కంటే దాదాపు నాలుగు రెట్లు గాఢంగా ఉంటుంది. ద్వారాలు తెరుచుకోగానే నీరు ఆ గాఢత వైపు దానంతటదే వెళ్లిపోయి, నాళంలో చిక్కని మూత్రం మిగులుతుంది. నీరు ఎక్కువగా తాగితే హార్మోన్ తగ్గి, ద్వారాలు మూసుకుని, పలుచని మూత్రం వస్తుంది. ఈ ద్వారాలను కనుగొన్న పీటర్ ఆగ్రేకు 2003లో రసాయన శాస్త్ర నోబెల్ బహుమతి లభించింది.

ఎంత పొదుపు చేసినా, రోజువారీ వ్యర్థాలను కరిగించి పంపడానికి కనీసం అర లీటరు మూత్రం తప్పదు. సముద్రపు నీటిలోని ఉప్పును అంతకంటే చిక్కగా విసర్జించే శక్తి మన మూత్రపిండాలకు లేదు కనుక, అది తాగినవారు తాగినదానికంటే ఎక్కువ నీటిని పోగొట్టుకుంటారు.

సమాధానం 4:
సంగ్రహణ నాళాలు దాటాక మూత్రంలో చెప్పుకోదగ్గ మార్పేమీ ఉండదు. మూత్రనాళాల కండరాలు అలలుగా ముడుచుకుంటూ దానిని కొద్దికొద్దిగా కిందికి తోస్తాయి. పడుకున్నా ఆ పని ఆగదు. ఈ నాళాలు మూత్రాశయం గోడలోకి ఏటవాలుగా చొచ్చుకొస్తాయి కాబట్టి, సంచి నిండినప్పుడు ఆ ఒత్తిడికే వాటి చివరలు నొక్కుకుపోయి, మూత్రం వెనక్కి ఎక్కకుండా ఉంటుంది.