మొదటి సీజన్‌లోనే 70.3 కి దిగాలా? ముందు చిన్న రేసులు చేయాలా?

ఓఆర్ఆర్_సైకిలోడు (హైదరాబాద్)

మా సైక్లింగ్ గ్రూపులో ఈ ఏడాది ట్రయాథ్లాన్ (ఈత, సైకిల్, పరుగు ఒకదాని వెంట ఒకటి చేసే రేసు) మొదలుపెట్టినవాళ్ళు దాదాపు అందరూ నేరుగా గోవా 70.3 కే, అంటే హాఫ్ ఐరన్‌మ్యాన్‌కే పేరిచ్చారు. సముద్రంలో 1.9 కిలోమీటర్ల ఈత, 90 కిలోమీటర్ల సైకిల్, 21.1 కిలోమీటర్ల పరుగు, మొత్తం ఎనిమిదిన్నర గంటల్లో ముగించాలి, అదే కటాఫ్. కొందరికి మొన్నటిదాకా ఈతే రాదు. ముందు ఒక స్ప్రింట్ చేయరాదా అంటే, "750 మీటర్ల ఈత, 20 సైకిల్, 5 పరుగు... అది చేశానని ఎవరికి చెప్పుకోను బ్రో?" అన్నాడొకడు. అసలు రోగం ఆ మాటలోనే ఉంది.

నేననేది ఏమిటంటే, మొదటి సీజన్ చిన్న రేసులకే ఇవ్వాలి. చివర్లో కుదిరితే 70.3, లేకపోతే వచ్చే ఏడాది. నేను నలభై దాటిన ఐటీ ఉద్యోగిని, ఎందులోనూ చెప్పుకోదగ్గ వేగం లేదు. నా సీజన్ ఎలా సాగిందో చెప్తాను, తర్వాత తిట్టండి.

వేసవికి ముందు ఒక స్ప్రింట్, ఈత పూల్‌లోనే. ఈత దాటి ట్రాన్సిషన్‌కి, అంటే బట్టలూ బూట్లూ మార్చుకుని సైకిల్ అందుకునే చోటికి వస్తే అసలు సంగతి తెలుస్తుంది. తడి కాలికి సాక్సు ఎక్కదు. మడమ దగ్గర ముడతపడి ఆగిపోతుంది, గట్టిగా లాగితే మడమ భాగం పాదం పైకి తిరిగిపోతుంది. పక్కనున్న కుర్రాడు బూట్లలో ముందే పౌడర్ చల్లి పెట్టుకున్నాడు. సాక్సూ లేదు, లేసూ లేదు, ఎలాస్టిక్ తాడే. కాలు దూర్చాడు, పోయాడు. అవతలి వరసలో ఒకాయన హెల్మెట్ బకిల్ పెట్టకుండానే సైకిల్ స్టాండు మీంచి దించబోతే వాలంటీర్ అరిచి ఆపాడు. ఆయనకి ఆ రూలు తెలీక కాదు. గుండె దడదడలాడుతుంటే చదివిందేదీ గుర్తుకు రాదంతే.

తర్వాత ఒలింపిక్ దూరం, 1.5 కిలోమీటర్ల ఈత, 40 సైకిల్, 10 పరుగు. ఈసారి చెరువులో ఈత. మనం నేర్చుకునేది 25 మీటర్ల పూల్‌లో. 1500 మీటర్లకి 59 సార్లు గోడ తగులుతుంది, తగిలిన ప్రతిసారీ కాళ్ళతో తన్నుకుని ముందుకెళ్తాం. అంటే 59 చిన్న విశ్రాంతులు. చెరువులో గోడ ఉండదు, అడుగున నల్ల గీత ఉండదు, పచ్చటి నీళ్ళలో మన చెయ్యి మనకే కనపడదు. తల ఎత్తి బోయ్ (దారి చూపడానికి నీళ్ళలో తేలే గుర్తు) ఎక్కడుందో చూసుకోకపోతే ఎటో పోతాం. పక్కవాడి కాలు గాగుల్స్‌కి తగిలి ఒక కంట్లోకి నీళ్ళొస్తే ఏం చేయాలో యూట్యూబ్ నేర్పదు. వెల్లకిలా తిరిగి, తేలుతూ, గాగుల్స్ సర్దుకుని, మళ్ళీ మొదలుపెట్టాలి. అది ఒకసారి చేసినవాడికి రెండోసారి కంగారు ఉండదు.

ఆగస్టులో హైదరాబాద్ మారథాన్‌లో హాఫ్ మారథాన్. ఆ ఫ్లైఓవర్లు ఎక్కి దిగినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు.

ఇక గోవా గురించి చెప్పుకోడానికి పెద్దగా ఏమీ లేదు. నా పాయింటు కూడా అదే. ఎండ తప్ప కొత్తగా భయపెట్టింది ఏదీ లేదు. పరుగులో టోపీలో ఐసు ముక్కలు వేసుకుని, నీళ్ళూ తిండీ ఇచ్చే ఎయిడ్ స్టేషన్లలో నడిచి, మిగతాది పరుగెత్తి, కటాఫ్‌కి చాలా ముందే వచ్చేశాను.

గుంటూరు_గేర్లు

అన్నా, మీ సీజన్ బాగుంది, కానీ అది హైదరాబాద్‌వాళ్ళ సీజన్. మీకు 23 కిలోమీటర్ల సోలార్ కప్పు సైకిల్ ట్రాక్ ఉంది, 50 మీటర్ల పూల్ ఉంది. గుంటూరు నుంచి ఏ స్ప్రింట్‌కి పోవాలన్నా సైకిల్ విప్పి బాక్సులో పెట్టాలి, కారో రైలో చూడాలి, రూము తీసుకోవాలి, మేనేజర్‌ని బతిమాలి సెలవు పెట్టాలి. గంటన్నరలో అయిపోయే రేసుకీ అంతే ఖర్చు, ఎనిమిది గంటల రేసుకీ ఇంచుమించు అంతే. ఎంట్రీ ఫీజు ఒక్కటే తేడా. ఊరూరా తిరిగి చిన్నవి చేసే స్తోమత అందరికీ ఉండదు.

పైగా కటాఫ్ మీరు భయపెట్టేంత కష్టమేం కాదు. లెక్క వేయండి. ఈత గంట అనుకోండి, అక్కడ 70 నిమిషాల దాకా ఇస్తారు. రెండు ట్రాన్సిషన్లకి కలిపి 20 నిమిషాలు. సైకిల్ 22.5 స్పీడులో 4 గంటలు. పరుగు కిలోమీటరుకి ఎనిమిదిన్నర నిమిషాల లెక్కన 2 గంటల 59 నిమిషాలు. మొత్తం 8 గంటల 19 నిమిషాలు. ఈ స్పీడ్లలో ఒక్కటైనా అందనిది ఉందా? మోడల్, నటుడు మిలింద్ సోమన్ 49 ఏళ్ళ వయసులో 2015లో జ్యూరిక్‌లో ఏకంగా ఫుల్ ఐరన్‌మ్యాన్, అంటే 70.3 కి రెట్టింపు దూరం, 15 గంటల 19 నిమిషాల్లో పూర్తి చేశాడు. వయసైపోయిందని ఆగాడా?

పంక్చర్_పంతులు

మిలింద్ సోమన్ కుర్రతనంలో ఈతలో జాతీయ ఛాంపియన్ తమ్ముడూ. ఆయన్ని మన లెక్కలోకి లాగకు.

నీ లెక్కలో మిగిలింది 11 నిమిషాలు. వెనక చక్రం పంక్చర్ అయితే ఏం జరుగుతుందో విను. ముందు చైన్‌ని చిన్న పళ్ళ చక్రం మీదకి దించాలి, అప్పుడు చక్రం ఊడుతుంది. టైరు ఊడదీసే లెవర్లతో టైరు అంచు లేపి ట్యూబ్ లాగాలి. తర్వాత టైరు లోపల వేలితో చుట్టూ తడమాలి, ముల్లు ఎక్కడుందో దొరికేదాకా. కంగారులో అందరూ వదిలేసేది ఇదే. ముల్లు తీయకుండా కొత్త ట్యూబ్ ఎక్కిస్తే అర కిలోమీటరులో అదీ పోతుంది. మనదగ్గర తుమ్మముల్లు, గోవాలో గాజు పెంకు, ఏదైతేనేం. తర్వాత గాలి. షాపులో స్టూలు మీద కూర్చుని చేసే పని వేరు, చెమట చేతుల్తో రోడ్డు పక్కన చేసే పని వేరు. నీ 11 నిమిషాలు అక్కడే అయిపోతాయి.

ఎంపీ తేజస్వి సూర్య 2024లో గోవా పూర్తి చేసింది 8 గంటల 27 నిమిషాల 32 సెకన్లలో. మిగిలింది రెండున్నర నిమిషాలు. తక్కువ చేసి అనటం లేదు, పూర్తి చేశాడు, శభాష్. కానీ ఆ రెండున్నర నిమిషాల్లో ఒక్క ట్యూబ్ మారదు.

గుంటూరు_గేర్లు

ట్యూబ్ మార్చడానికి స్ప్రింట్ రేసు దాకా ఎందుకు పంతులుగారూ? ఇంటి వరండాలో నేర్చుకుంటాను.

పంక్చర్_పంతులు

నేర్చుకో. ముందు చక్రంతో కాదు, వెనకదానితో.

ఆరింటి_బ్యాచ్ (విజయవాడ)

ఓఆర్ఆర్ గారూ, మీ పోస్టులో ఒకటి కనపడలేదు. చిన్న రేసులతో ఏడాదంతా తిరగడం మగవాళ్ళకి కుదిరినంత తేలిగ్గా మాకు కుదరదు. మా పూల్‌లో లేడీస్ బ్యాచ్ గంటసేపే. ఆ గంటలో ఈత నేర్చుకునే పిల్లలూ మేమే, దూరం ఈదాలనుకునేవాళ్ళూ మేమే. పొద్దున చీకట్లో ఒక్కదాన్నే సైకిల్ మీద హైవే ఎక్కలేను, తోడు ఉండాల్సిందే. ఇంట్లో "మళ్ళీ రేసా? మొన్నేగా వెళ్ళావు?" అనే మాట రెండోసారికే వస్తుంది.

అందుకే నేను ఒక్క పెద్ద రేసే పెట్టుకున్నాను. 5 కిలోమీటర్ల పరుగు కోసం ఇంకో ఊరికి వెళ్తానంటే మా అత్తగారికి అర్థం కాలేదు. "మన వీధి చివరిదాకా రెండుసార్లు పరిగెత్తితే పోలా?" అన్నారు. సముద్రంలో ఈది, సైకిల్ తొక్కి, ఆ తర్వాత పరిగెత్తాలి అనగానే లెక్క మారిపోయింది. అపార్ట్‌మెంట్ అంతా ఆవిడే చెప్పుకొచ్చింది. ఆ తర్వాత నా ప్రాక్టీసు టైములో ఎవరూ పని చెప్పలేదు. పెద్ద పేరుకి ఆ ఉపయోగం ఉంది. మీరు రోగం అన్నదే నాకు మందు.

అయితే పిచ్చిగా దిగలేదు. మా ఊళ్ళో కృష్ణలో పొద్దున్నే ఈదేవాళ్ళున్నారు, వాళ్ళతో కలిసి నదిలో ఈత అలవాటు చేసుకున్నాను. ఆదివారాలు సైకిల్ దిగగానే బూట్లు మార్చి పరుగు. ఆ మొదటి రెండు కిలోమీటర్లు కాళ్ళు నావి కానట్టే ఉంటాయి, అది ఇంటి దగ్గరే తెలిసిపోయింది. ఒంటి మీద రేసు నంబర్ పెట్టుకుంటేనే అనుభవం వస్తుందా?

డాక్టర్_పల్స్

రెండు పక్షాలకీ నచ్చని మాట ఒకటి చెప్తాను. చిన్న రేసు అంటే ప్రమాదం తక్కువ అనుకోవద్దు. అమెరికాలో 1985 నుంచి 2016 దాకా ట్రయాథ్లాన్‌లలో జరిగిన మరణాలు, గుండె ఆగిన ఘటనలు లెక్క తీసి 2017లో ప్రచురించారు. మొత్తం 135. అందులో 90 ఈతలోనే. నూటికి 85 మంది మగవాళ్ళు, సగటు వయసు 47. చిన్న, మధ్య, పెద్ద దూరాల మధ్య మరణాల రేటులో చెప్పుకోదగ్గ తేడా లేదు. మొత్తమ్మీద లక్షకి ఇద్దరు కూడా లేరు కాబట్టి హడలిపోనక్కర్లేదు. కానీ నలభై దాటినవాళ్ళు "స్ప్రింటే కదా" అని గుండె పరీక్ష మానేస్తే అది తెలివి కాదు. పోస్టుమార్టం వివరాలు దొరికినవాళ్ళలో చాలామందికి ముందునుంచే గుండె జబ్బు ఉంది, కొందరికి అది తెలీనే తెలీదు.

గేర్లు గారూ, మీ 8 గంటల 19 నిమిషాల లెక్క మీద ఇంకోటి. నెమ్మదిగా వెళ్ళేవాళ్ళకి ఎండదెబ్బ ఒక్కటే కాదు సమస్య. కనపడ్డ ప్రతి స్టేషన్లో మంచినీళ్ళు తాగేసి ఒంట్లో సోడియం పడిపోయేది కూడా ఎక్కువగా వీళ్ళకే. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రక్తం పరీక్షిస్తే 13 శాతం మందిలో సోడియం తక్కువగా వచ్చింది. పరుగులో బరువు పెరిగినవాళ్ళలో, నాలుగు గంటలు దాటినవాళ్ళలో ఎక్కువ. మీరు ఎండలో ఉండబోయేది దానికి రెట్టింపు. దాహానికి తగ్గట్టే తాగండి. ఓఆర్ఎస్, ఉప్పు వేసిన నిమ్మరసం, ఏదో ఒకటి ప్రాక్టీసులోనే అలవాటు చేసుకోండి. రేసు రోజు కొత్త ఎనర్జీ జెల్ నోట్లో పెట్టుకోకండి. పల్లీపట్టీ, ఖర్జూరం పడేవాళ్ళు అవే తినొచ్చు, సిగ్గేం లేదు.

టెక్సాస్_తెలుగోడు

ఇక్కడ సీజన్‌లో కారులో సైకిల్ వేసుకుని పొద్దున వెళ్ళి మధ్యాహ్నానికి ఇంటికొచ్చే స్ప్రింట్లు బోలెడు. ఆస్టిన్‌లో మే నెలాఖరున క్యాప్‌టెక్స్ అని ఉంటుంది, డౌన్‌టౌన్ పక్కన చెరువులాంటి నదిలో ఈత. నా మొదటిది అదే. అందుకని ఓఆర్ఆర్ గారి సలహా ఇక్కడ పాటించడం తేలిక, గుంటూరులో కష్టం. తప్పు మనుషుల్లో లేదు, రేసులు లేకపోవడంలో ఉంది. అయినా నిజం చెప్పాలంటే మన తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఇక్కడ కూడా 70.3 లోపు ఫొటోకి లైకులు పడవు.

రుషికొండ_అల (విశాఖ)

అందరూ దూరాల గురించే మాట్లాడుతున్నారు. గోవాలో కొత్తవాళ్ళని ఆపేది దూరం కాదండీ, అల. ఓఆర్ఆర్ గారూ, చెరువులో ఒలింపిక్ చేస్తే సముద్రానికి రెడీ అయిపోతారని మీ పోస్టు చదివినవాళ్ళు అనుకుంటారు. అలా కాదు. ఒడ్డు దగ్గర విరిగే అల మీదకి వస్తుంటే ఎదురు నిలబడకూడదు, ఎగరకూడదు. ముందే ఊపిరి తీసుకుని దాని కిందనుంచి దూరాలి. మా ఊళ్ళో ఆర్కే బీచ్ దగ్గర లోపలికి లాగేస్తుంది, అక్కడ ఈదం. రుషికొండ వైపు, అదీ గుంపుగా, ఒడ్డున ఒకరిని కాపలా పెట్టుకుని. లాగుడులో పడితే ఒడ్డు వైపు కొట్టుకోకుండా పక్కకి ఈదాలి.

ఇంకొకటి, చాలామందికి తెలీదు. అలిసిపోతే పక్కన కాపలా ఉండే కయాక్ (చిన్న పడవ) పట్టుకుని ఆగొచ్చు. దాన్ని పట్టుకుని ముందుకి పోనంతవరకు డిస్‌క్వాలిఫై చేయరు. బ్రెస్ట్‌స్ట్రోక్ కూడా కొట్టొచ్చు. ఈ రెండూ తెలిస్తే సగం టెన్షన్ అక్కడే పోతుంది. గోవాలో నీళ్ళు గోరువెచ్చగా ఉంటాయి, వెట్‌సూట్ (చలి ఆపే, తేలడానికి సాయపడే రబ్బరు సూట్) ఉండదు. అది తేలుస్తుందన్న ఆశ పెట్టుకోకండి.

ఓఆర్ఆర్_సైకిలోడు

అల గారి మాట కొత్తవాళ్ళందరూ చదవాలి. చెరువు చాలని నేననలేదు, పూల్ మాత్రం చాలదన్నాను.

విజయవాడ అక్కా, మీరు చేసింది చిన్న రేసుల సీజనే, నంబర్ లేదంతే. నది, ఆదివారం సైకిల్, దాని వెంటే పరుగు... ఇవన్నీ చేసుకుని గోవా వెళ్ళేవాళ్ళతో నాకు పేచీ లేదు. నా పేచీ పూల్ నుంచి నేరుగా సముద్రానికి, ఇంట్లో ముందుకు కదలకుండా తొక్కే సైకిల్ ట్రైనర్ మీంచి నేరుగా 90 కిలోమీటర్లకి దూకేవాళ్ళతో. కానీ ఒక్క విషయంలో మాత్రం మీతో కలవను. నలుగురితో నదిలో ఈదడం, వందమంది మీద పడుతుండగా ఈదడం ఒకటి కాదు. ఆ తోపులాట ఒక్కసారైనా చిన్న రేసులో తిని ఉండాలి. అది ఇంటి దగ్గర దొరకదు.

గేర్లు తమ్ముడూ, ఖర్చు సంగతి ఒప్పుకుంటాను. మరి ఇంతకీ ఎంట్రీ కట్టావా, వాదనేనా?

గుంటూరు_గేర్లు

కట్టేశానన్నా, పోయిన వారమే. అందుకే ఇంత గట్టిగా వాదిస్తున్నా :) అల గారూ, ఆదివారాలు రుషికొండలో మీ గుంపులోకి బయటివాళ్ళని రానిస్తారా? శనివారం రాత్రి రైలెక్కి వచ్చేస్తా.

రుషికొండ_అల (విశాఖ)

రండి. రంగు ఈత టోపీ తప్పనిసరి, తెల్లది వద్దు, నురుగులో కనపడదు. ముందు రెండు వారాలు ఒడ్డుకి సమాంతరంగానే, లోపలికి పంపం.

పంక్చర్_పంతులు

గోవాకి లెవర్లు మూడు పట్టుకెళ్ళు. ప్లాస్టిక్‌వి, ఒకటి విరుగుతుంది.