సగం కుట్టిన బొంతలో ఎరుపు దిగుతోంది, ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. మాది హైదరాబాద్, ఉప్పల్ దగ్గర. అక్క కూతురి కోసం బొంత కుడుతున్నాను. ఆరంగుళాల ముక్కలు 80 కావాలి, 52 కలిపేశాను. తెల్లవి అమ్మ పాత మంగళగిరి చీరవి, ఎర్రవి పోచంపల్లి ఇక్కత్. ఆ ఇక్కత్ జనరల్ బజార్‌లో కట్ పీసుగా దొరికింది. ఆత్రంలో ఉతక్కుండానే కత్తిరించేశాను.

నిన్న ఇస్త్రీకి నీళ్లు చల్లితే కుట్టు వెంబడి పావంగుళం మేర తెలుపంతా గులాబీ రంగైంది. అది అమ్మ నా బారసాలకి కట్టుకున్న చీర, మళ్లీ దొరకదు. ప్రాణం ఉసూరుమంది.

ఎర్ర ముక్కలన్నీ విప్పేయాలా, పూర్తయ్యాక జాడిస్తే మరక పోతుందా? ఉప్పు, వెనిగర్ అంటున్నారు గానీ, అద్దేసిన నూలు రంగుని అవి పట్టి ఉంచవు. వేరే ఉపాయం ఉంటే చెప్పండి.

ట్రంకుపెట్టె నిండా పెడన కలంకారీ ముక్కలు దాచుకున్నాను. వాటినీ ఇప్పుడే తడిపి చూడాలా?

ఇంకొకటి, లోపల పరచడానికి పల్చటి నూలు పొర సికింద్రాబాద్ వైపు ఎక్కడ దొరుకుతుంది? పాలిస్టర్ వద్దు, మన ఎండలకి పిల్ల ఉక్కిపోతుంది. దొరక్కపోతే నానమ్మలా పాత చీరలే మడతలేసి కుట్టేస్తాను.