ఇస్లామీ ఆలోచనకు పాశ్చాత్య తత్వం పనికొస్తుందా? ఇక్బాల్ చదువుతున్నవాళ్లు చెప్పండి

చార్మినార్_చదువరి: కవి, తత్వవేత్త ఇక్బాల్ 1929లో మద్రాసులో, మన హైదరాబాద్‌లో ఇచ్చిన ఉపన్యాసాలు చదువుతున్నా. ఎక్కడ చూసినా బెర్గ్‌సన్, వైట్‌హెడ్ లాంటి పాశ్చాత్య తత్వవేత్తలే. ఈ పద్ధతి సరైనదేనా? తర్వాత ఎవరిని చదవాలి? ఆధునిక ఇస్లామీ ఆలోచనాపరుల్లో ఫజ్లుర్ రహ్మాన్‌నా, అర్కూన్‌నా?

కృష్ణాతీరం: ఇక్బాల్ చేసింది బెర్గ్‌సన్‌కు ఆయత్‌లు (ఖురాన్ వాక్యాలు) అతికించడం. ఈ మాట ఒక సెమినార్‌లో అంటే మైకు లాక్కున్నారు. ఇక్కడైనా అననివ్వండి.

ఉర్దూగల్లీ: గట్లెట్లంటవన్నా? రెండో ఉపన్యాసం పూర్తిగ చదివినవా? జీవాన్ని ముందుకు నెట్టేదని బెర్గ్‌సన్ చెప్పే ప్రాణశక్తికి గమ్యం లేదు. ఇక్బాల్ తప్పువట్టిందే దాన్ని. ఆలోచనను, సంకల్పాన్ని విడదీసుడు గూడ ఒప్పుకోలే. నకలు గొట్టేటోడు గిట్ల కొట్లాడ్తడా?

కృష్ణాతీరం: కొట్లాడినా కొలబద్ద బెర్గ్‌సన్‌దే. అష్అరీలకు (పాత ఇస్లామీ మతతాత్వికులకు) కాలం అంతుపట్టలేదని దాంతోనే కొలిచి తీర్పు చెప్పాడు. వాళ్ల వాదం వాళ్ల లెక్కలో చూడొద్దా?

ఉర్దూగల్లీ: "కాలాన్ని తిట్టకండి, కాలమే అల్లా" అన్న హదీసు (ప్రవక్త మాట) బెర్గ్‌సన్ పుట్టకముందే వెయ్యేండ్ల సంది ఉన్నది. ఇక్బాల్ దాన్ని వట్టుకొనే మాట్లాడిండు. పాత ముస్లిం తత్వవేత్తలు ఫారాబీ, ఇబ్న్ రుష్ద్ అరిస్టాటిల్‌ను తెచ్చుకుంటే గొప్ప, ఇక్బాల్ తెచ్చుకుంటే తప్పా?

షీరాజ్_పాఠకుడు: నేను ఇరాన్ ఆలోచనాపరుడు సొరూష్‌ను ఫార్సీలోనే చదివాను. 1980లలో ఇరాన్‌లో జరిగిన వాదం తెలియకుండా ఈ చర్చ ముందుకు పోదు. సొరూష్‌ది విజ్ఞానశాస్త్ర తాత్వికుడు పాపర్ పక్షం, మరో ఇరానీ తాత్వికుడు దావరీ అర్దకానీది పాశ్చాత్య ఆధునికతను ప్రశ్నించిన హైడెగర్ పక్షం. మతం మారదు, మతం గురించి మనిషికున్న జ్ఞానం మారుతుందన్నాడు సొరూష్. అసలు వస్తువు వేరు, మనకు తెలిసేది వేరన్న కాంట్ అందులో స్పష్టంగా కనిపిస్తాడు.

కృష్ణాతీరం: ఫార్సీ వస్తే వాదన గెలిచినట్టు కాదండీ. ఇక్బాల్ సంగతి తేల్చండి.

గోదారి_టీచరమ్మ: పక్షాలు పంచుకుంటున్నారు గానీ, ఈజిప్టు పండితుడు నస్ర్ హామిద్ అబూ జైద్ పేరు ఒక్కరూ ఎత్తరేం? ఖురాన్‌ను చరిత్రలో పెట్టి, అన్వయశాస్త్రంతో (గ్రంథానికి అర్థం చెప్పే పద్ధతులతో) చదివాడు. 1995లో కైరో అప్పీలు కోర్టు మతభ్రష్టుడని తేల్చి, భార్యతో పెళ్లిని రద్దు చేసింది. ఆ దంపతులు దేశం విడిచి వెళ్లారు, ఆయన నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో పాఠాలు చెప్పాడు. ఇది క్లాసులో చెప్పబోతే సిలబస్‌లో లేదని నన్ను ఆపేశారు. ఆ మంట నాకింకా చల్లారలేదు.

షీరాజ్_పాఠకుడు: అది కోర్టు సంగతి, తత్వం కాదు.

గోదారి_టీచరమ్మ: పుస్తకం చదివిన పద్ధతికే కదా శిక్ష వేసింది! రెండూ వేరెలా అవుతాయి?

చార్మినార్_చదువరి: ఫజ్లుర్ రహ్మాన్ గురించి ఎవరైనా...

గోదారి_టీచరమ్మ: ఆయన 1982 పుస్తకం తీసుకో తమ్ముడూ. నేటి సమస్య నుంచి ఖురాన్ దిగిన కాలానికి వెళ్లి, అక్కడి సూత్రం పట్టుకుని మళ్లీ నేటికి రమ్మంటాడు. మన కాలం దాటి చదవలేమన్న జర్మన్ తాత్వికుడు గడామర్‌ను కాదని, గతంలోని అర్థం మనకు దొరుకుతుందన్న బెట్టీ వైపు నిలబడ్డాడు.

ఉర్దూగల్లీ: అక్కా, అక్కడ నేను గడామర్ దిక్కే. మనం నిలబడ్డ జాగ ఇడిచి ఏడో శతాబ్దానికి ఎట్ల వోతం?

కృష్ణాతీరం: మళ్లీ జర్మనీకేనా? తఫ్సీర్లు (ఖురాన్ వ్యాఖ్యానాలు) రాసినవాళ్లకు పద్ధతే లేదా?