28 శనివారం ఏరోస్మిత్ సాయంత్రం: హాల్ క్యాన్సిల్ అయింది, అందరూ ఒకసారి చూడండి
(2024 సెప్టెంబర్, బోస్టన్ చుట్టుపక్కల తెలుగు సంఘం గ్రూపు చాట్; ఎవరి మాటకి ముందు వాళ్ల ఊరి పేరు ఉంది. ఏరోస్మిత్ అంటే బోస్టన్‌లో మొదలైన రాక్ బ్యాండ్.)

షూస్‌బరీ (సోమవారం రాత్రి)
అందరికీ నమస్తే. శుక్రవారం నేను పెట్టిన లిస్టు, అదే స్లైడ్లు, క్విజ్, సమోసాల ఆర్డరు, పార్కింగ్ దగ్గర నలుగురు, మైక్ స్టాండుకి కట్టే స్కార్ఫులు, కాసేపు పక్కన పెట్టండి. స్కూల్ ఫెసిలిటీస్ ఆఫీసు నుంచి ఇవాళ మధ్యాహ్నం మెయిల్ వచ్చింది. ఆడిటోరియం ఇవ్వరట. మనం ఫామ్‌లో సాంస్కృతిక కార్యక్రమం అని రాశాం, ఫ్లయర్ మీద మాత్రం రాక్ నైట్ అని ఉంది, ఈ రెండూ ఒకటి కాదు అంటున్నారు. రాక్ షో అయితే పోలీస్ డీటెయిల్, అంటే డబ్బిచ్చి పోలీసు కాపలా పెట్టుకోవాలట, ఇన్సూరెన్స్ సర్టిఫికెట్ మళ్లీ వేరేగా తేవాలట, అవన్నీ నెల ముందే ఇవ్వాలట. మన చేతిలో ఉన్నది పన్నెండు రోజులు. రేపు రాత్రిలోగా ఏదో ఒకటి తేల్చకపోతే టికెట్లు కొన్నవాళ్లకి ఏం చెప్పాలో నాకు తెలియట్లేదు.

నాష్వా
ఫ్లయర్ చూసి భయపడ్డారా! ఆ బ్యాండ్ మొదటి షో ఎక్కడ చేసిందో ఆ ఆఫీసు వాళ్లకి ఎవరైనా చెప్పండి. 1970 నవంబర్‌లో, మెండన్‌లో, నిప్‌మక్ రీజనల్ హైస్కూల్లో. అంటే మన పక్క ఊళ్లో, స్కూల్లోనే. అప్పుడు పనికొచ్చిన స్కూలు ఇప్పుడు పనికి రాదా?

బర్లింగ్టన్
ఫ్లయర్ చేసింది నేనే కాబట్టి ముందే చెప్తున్నా, రాక్ నైట్ అనే మాట నాది కాదు, పాత ఫ్లయర్ పంపి ఇందులోనే పేరు మార్చెయ్ అన్నారు, మార్చేశా. అయినా ఏరోస్మిత్ ప్రోగ్రామ్‌కి రాక్ అని కాక ఏమని రాస్తాం, సంగీత విభావరి అనా?

క్విన్సీ
నిజానికి విభావరి అని రాసుంటే ఈ గొడవే ఉండేది కాదు బాబూ.

వెస్ట్‌బరో
నాదొక్కటే ప్రశ్న. సౌండ్ వాళ్లకి 400 డాలర్లు అడ్వాన్స్ ఇచ్చాం. వెనక్కి రాదు. టికెట్ 15 చొప్పున 96 అమ్మాం. ఆ డబ్బు తిరిగి ఇవ్వాలంటే ఈ 400 ఎవరి జేబులోంచి?

నాష్వా
డబ్బు తర్వాత చూద్దాం అన్నా, ముందు స్కూల్ వాళ్లతో గట్టిగా మాట్లాడదాం. ఫామ్ వాళ్లే ఓకే చేశారు కదా. రేపు నలుగురం ఆఫీసుకి వెళ్లి కూర్చుందాం. లేదా ఫ్లయర్ మార్చేసి, పొరపాటున పడింది, ఇది కల్చరల్ ప్రోగ్రామే అని చెబుదాం.

షూస్‌బరీ
వాళ్లు మెయిల్‌కి ఫ్లయర్ స్క్రీన్‌షాట్ జతచేసి మరీ పంపారు. ఇప్పుడు మార్చితే దొంగతనం చేసి దొరికిపోయినట్టు ఉంటుంది. ఇంకోటి, అందరూ మర్చిపోతున్నారేమో, అక్టోబర్ 5 బతుకమ్మకి బుక్ అయింది ఆ స్కూల్ జిమ్మే. ఇక్కడ పేచీ పెట్టుకుంటే ఆ తర్వాతి వారం పూలు ఎక్కడ పెడతాం?

నాష్వా
అదీ సంగతి. ప్రతిసారీ ఇంతే. బతుకమ్మ ఉంది, త్యాగరాజ ఆరాధన ఉంది, పిల్లల భరతనాట్యం ఉంది, మేం వాయించేది మాత్రం ఎప్పుడూ మిగిలిన టైంలో, మిగిలిన హాల్లో. రెండేళ్లుగా అడిగితే ఇప్పటికి ఒక సాయంత్రం ఇచ్చారు, అదీ పోయింది. సరే కానివ్వండి. డ్రమ్స్ గ్యారేజ్‌లోంచి బయటికి తీసేదే లేదు.

క్విన్సీ
బాబూ, ఎవరూ నిన్ను పక్కన పెట్టలేదు. కానీ పెద్దవాణ్ణి కాబట్టి అడుగుతున్నాను, అసలు మన సంఘానికి ఈ ప్రోగ్రామ్ అవసరమా? నాకు ఆ బ్యాండ్‌వి తెలిసిందల్లా ఆర్మగెడాన్ సినిమాలో పాట ఒక్కటే.

నాష్వా
బాబాయ్, అది వాళ్లు రాసిన పాట కూడా కాదు, డయాన్ వారెన్ అనే రచయిత్రి రాసింది. తమాషా ఏమిటంటే 1998లో వాళ్లకి అమెరికా పాటల చార్టు బిల్‌బోర్డ్ హాట్ 100లో నంబర్ వన్ వచ్చింది దాంతోనే, ముందూ లేదు తర్వాతా లేదు. అసలు ఏరోస్మిత్ అంటే 1975, 76లో వచ్చిన రెండు ఆల్బమ్‌లు. మిగతాదంతా బోనస్.

బర్లింగ్టన్
అలా అంటే నాలాంటి వాళ్లం ఫ్యాన్స్‌మే కాదన్నమాట. నేను వాళ్లని మొదటిసారి విన్నది 2008లో గిటార్ హీరో గేమ్‌లో, ప్లాస్టిక్ గిటార్ మీద బటన్లు నొక్కుతూ. మా చెల్లికైతే డిస్నీలో రోలర్ కోస్టర్ ఎక్కినప్పుడు తెలిసింది. 70ల్లో పుట్టనివాళ్లకి ఏదో ఒక సందులోంచే కదా తెలిసేది. ర్యాప్ గ్రూపు రన్ డీఎంసీతో కలిసి 1986లో వాక్ దిస్ వే పాట మళ్లీ చేయకపోతే, ఆ 75, 76 ఆల్బమ్‌లు ఇప్పుడు ఎంతమంది వింటుండేవాళ్లు? 1979లో గిటారిస్ట్ జో పెర్రీ వెళ్లిపోయాక బ్యాండ్ పని అయిపోయిందనే అనుకున్నారు అందరూ. 84లో తిరిగొచ్చాడు కానీ, ఈ కుర్రాళ్లు వాళ్ల పాట మీద ర్యాప్ చేశాకే జనం మళ్లీ తలతిప్పి చూశారు.

ఫ్రేమింగ్‌హామ్
ఆ వాదన గ్యారేజ్‌లో పెట్టుకోండి, రెండేళ్లుగా నడుస్తూనే ఉంది. నేను మంగళవారం లంచ్ టైంలో మా టౌన్ లైబ్రరీకి ఫోన్ చేస్తా. కింద కమ్యూనిటీ రూమ్ ఉంది, లాభాపేక్ష లేని సంఘాలకి ఉచితం. కాకపోతే ఆంప్లిఫయర్లు కుదరవు అనుకుంటా.

నాష్వా
ఆంప్లిఫయర్ లేకుండా ఏరోస్మిత్! పచ్చిపులుసు పోసుకుని బిర్యానీ అనుకోమన్నట్టుంది.

యాక్టన్ (మంగళవారం ఉదయం)
రాత్రి చూడలేదు, ఇప్పుడే అంతా చదివాను. హాల్ సంగతి ఎలా ఉన్నా నాదొక మాట. మా వాడు ఏరోస్మిత్ పాట డ్రీమ్ ఆన్ పాడతాడని పేరు వేశారు కదా, చివర్లో వచ్చే ఆ కేకలు మాత్రం పాడించను. పదిహేను రోజులుగా బేస్‌మెంట్‌లో ఒకటే అరుపులు, నిన్నటి నుంచి వాడి గొంతు బొంగురుపోయింది. అంతా వాళ్ల సింగర్ స్టీవెన్ టైలర్‌లా పాడాలి అంటున్నారు, సరే, ఆ టైలర్‌కి ఏమైంది? స్వరపేటిక విరిగిందని వాళ్లే చెప్పారు కదా. యాభై ఏళ్లు అలా పాడినాయనకే అలా అయితే, మా వాడికి ఇప్పుడిప్పుడే గొంతు మారుతోంది. ఏమనుకోకండి.

నాష్వా
వదినా, ఏమీ అనుకోను. పాపం వాణ్ణి పట్టుబట్టింది నేనే.

క్విన్సీ
ఆ స్వరపేటిక సంగతి నాకు తెలీదు. ఏమైంది?

నాష్వా
2023 సెప్టెంబర్‌లో ఫేర్‌వెల్ టూర్ మొదలుపెట్టారు బాబాయ్. ఫిలడెల్ఫియాలో మొదటి షో. మూడోది న్యూయార్క్ పక్కన ఎల్మాంట్‌లో, 9వ తారీఖున. అక్కడ పాడుతుండగానే గొంతు దెబ్బతింది. మొదట వోకల్ కార్డ్స్ అన్నారు, నెల వాయిదా అన్నారు. తర్వాత స్వరపేటికే విరిగిందని తేలి మొత్తం ఆపేశారు. మా దగ్గర డిసెంబర్ 31 రాత్రి బోస్టన్ టీడీ గార్డెన్ షో టికెట్లు ఉన్నాయి, నేను, ఫ్రేమింగ్‌హామ్, ఇంకో ఇద్దరం. అది ఎప్పటికైనా జరుగుతుందిలే అని ఫోన్‌లో అలానే ఉంచుకున్నాం. మొన్న ఆగస్టు 2న చెప్పేశారు, పూర్తిగా కోలుకోవడం సాధ్యం కాదు, ఇక టూర్లు ఉండవు అని. ఆ రోజు ఆఫీసులో మీటింగ్‌లో ఉన్నా, కెమెరా ఆపేసి కూర్చున్నా. ఈ ప్రోగ్రామ్ అనుకున్నది అందుకే. ఆ డిసెంబర్ 31 మాకు ఇంక రాదు కాబట్టి.

క్విన్సీ
ఇది ముందే చెప్పుంటే బావుండేది కదయ్యా. జానకమ్మ 2016లో ఇక పాడనని తనే చెప్పారు. అప్పుడు బాధపడ్డాం కానీ, ఆవిడ ఇష్టప్రకారం ఆవిడ ఆపేశారు, దానికో తృప్తి ఉంది. ఈయన చివరిసారి పాడతానని బయలుదేరి మూడో ఊళ్లో ఆగిపోయాడు. వీడ్కోలు చెప్పడానికి వచ్చినవాడికి ఆ వీడ్కోలే దక్కలేదు. అవసరమా అన్నమాట వెనక్కి తీసుకుంటున్నాను.

ఫ్రేమింగ్‌హామ్
లైబ్రరీతో మాట్లాడా. 28 మధ్యాహ్నం 12:30 నుంచి 4 దాకా రూమ్ ఖాళీ. 75 మందికి మించి ఉండకూడదు, ఫైర్ రూల్. ఆంప్లిఫయర్లు, డ్రమ్ కిట్ కుదరదు, పైన పిల్లల సెక్షన్ ఉంది. టికెట్ పెట్టకూడదు, డొనేషన్ డబ్బా కూడా పెట్టకూడదు. కానీ రూమ్‌లో పియానో ఉంది. అన్నా, తిట్టే ముందు ఒకసారి ఆలోచించు. డ్రీమ్ ఆన్ అసలు పియానో మీద పుట్టిన పాట. టైలర్ వాళ్ల నాన్న క్లాసికల్ పియానిస్టు, టైలర్ చిన్నప్పుడు ఆ పియానో కింద కూర్చుని వింటూ పెరిగినవాడు. ఆ మొదలు వింటే తెలుస్తుంది, నాలుగు వేళ్లు నెమ్మదిగా దిగుతూ ఉంటాయి, అరుపు అనేది ఎక్కడో చివర్లో.

వెస్ట్‌బరో
టికెట్ పెట్టకూడదు అంటే 96 మందికి డబ్బు వాపసు, 400 బొక్క. ఇది నేను కమిటీకి చెప్తే మళ్లీ నేనే పిసినారిని అవుతా. పోయినసారి పిక్నిక్‌కీ ఇంతే జరిగింది. అందరూ పాటల గురించి కవిత్వాలు రాస్తారు, లెక్కలు మాత్రం నా నెత్తిన.

షూస్‌బరీ
అన్నా, ఎవరూ అలా అనలేదు.

వెస్ట్‌బరో
అనరు. అనుకుంటారు.

బర్లింగ్టన్
సౌండ్ వాళ్లని ఒక మాట అడగొచ్చా? డబ్బు వెనక్కి వద్దు, ఆ అడ్వాన్స్‌ని బతుకమ్మకి మార్చమని. ఎలాగూ జిమ్‌లో స్పీకర్లు కావాలి కదా, పోయినేడు ఆ చిన్న బ్లూటూత్ స్పీకర్‌తో వెనక వరసలో ఎవరికీ పాట వినపడలేదు.

వెస్ట్‌బరో (రాత్రి)
అడిగాను. ఒప్పుకున్నారు. బతుకమ్మ బడ్జెట్‌లోంచి 400 ఇటు మార్చి రాసుకుంటాను. టికెట్ల డబ్బు రేపటి నుంచి వెనక్కి పంపుతా, ఎవరికైనా గురువారానికి రాకపోతే నాకే మెసేజ్ పెట్టండి, గ్రూపులో వద్దు.

నాష్వా
నిన్న రాత్రి కాస్త ఎక్కువే మాట్లాడాను, షూస్‌బరీ అక్కా, సారీ. సరే, లైబ్రరీకి ఒప్పుకుంటున్నా. కానీ డ్రమ్స్ మాత్రం ఎక్కడో ఒకచోట మోగాలి. డ్రమ్మర్ జోయీ క్రేమర్ లేకుండా ఆ బ్యాండ్‌కి పేరే లేదు, పేరు పెట్టిందే ఆయన. టైలర్ కూడా ముందు డ్రమ్మరే. అందుకని అదే రోజు సాయంత్రం 5 నుంచి 8 వరకు మా గ్యారేజ్. లైబ్రరీలో చోటు దొరకనివాళ్లు, దొరికినా చెవులకి పని చెప్పాలనుకునేవాళ్లు రావచ్చు. పక్కింటాయన గోల చేస్తాడేమో అని ముందే వెళ్లి అడిగా. ఆయన ఇక్కడే న్యూ హాంప్‌షైర్‌లో సునాపీ దగ్గర పెరిగాడట, టైలర్, పెర్రీ, బేస్ గిటార్ వాయించే హామిల్టన్ ముగ్గురూ కలిసిన ఊరు. గోల చేయడం అటుంచి, ఎన్నింటికి రమ్మంటావు అని అడిగాడు.

యాక్టన్
లైబ్రరీలో అయితే మా వాడు పాడతాడు, శ్రుతి తగ్గిస్తేనే.

ఫ్రేమింగ్‌హామ్
ఎఫ్ మైనర్ నుంచి డి మైనర్‌కి దించుతా వదినా. పైన ఉండే ఆ భాగం అసలు పాడొద్దు, అక్కడ నేను పియానోనే వాయిస్తా. వినేవాళ్లందరికీ అది ఎలా ఉంటుందో తెలుసు, ఎవరి తలలో వాళ్లు పాడుకుంటారు.

నాష్వా
అది బాగుంది. నిజం చెప్పాలంటే 2022 సెప్టెంబర్‌లో బోస్టన్ ఫెన్‌వే స్టేడియంలో నేను విన్నప్పుడు కూడా ఆ చోట చుట్టూ ఉన్నవాళ్ల గొంతులే ఎక్కువ వినపడ్డాయి, ఆయనది సగమే.

క్విన్సీ
నేను వస్తున్నాను. ముందు వరసలో ఒక కుర్చీ, మోకాళ్ల సంగతి తెలుసు కదా. ఆర్మగెడాన్ పాట కూడా పెట్టండయ్యా, డయాన్ వారెన్ అయితే ఏమైంది, మన సినిమా పాటలు మాత్రం పాడేవాళ్లే రాసుకుంటున్నారా?

బర్లింగ్టన్
బాబాయ్‌కి ఒక ఓటు. నాష్వా అన్న ఓడిపోయాడు.

షూస్‌బరీ (బుధవారం)
కొత్త ఫ్లయర్ వద్దు, ఒక మెసేజ్ చాలు: 28 శనివారం ఒంటిగంటకి లైబ్రరీ, పేరు ఇచ్చిన మొదటి 75 మంది, సాయంత్రం నాష్వాలో గ్యారేజ్. పేర్లు నాకు పంపండి. ఇప్పటికి 41 వచ్చాయి.

ఫ్రేమింగ్‌హామ్
ఒక చిన్న చిక్కు. పియానో మూతకి తాళం ఉందట. తాళంచెవి డెస్క్ దగ్గర ఒకరి పేరు మీదే ఇస్తారు, ఆ లైబ్రరీ కార్డు ఉన్నవాళ్లకి మాత్రమే. నా కార్డు మీద పాత ఫైన్ ఏదో ఉందని ఆపేశారు.

వెస్ట్‌బరో
ఫైన్ ఎంత?

ఫ్రేమింగ్‌హామ్
పోగొట్టిన పుస్తకం, 26 డాలర్లు.

వెస్ట్‌బరో
అది సంఘం ఖాతాలోంచి రాదు, ముందే చెప్తున్నా. మా ఆవిడకి ఆ లైబ్రరీ కార్డు ఉంది, తాళంచెవి తను తీసుకుంటుంది. మేం 12కల్లా అక్కడ ఉంటాం. కార్లో కహోన్‌కి, అదే డ్రమ్‌లా చేత్తో వాయించే చెక్క పెట్టెకి చోటుంది, మనిషికి లేదు.