నియోజకవర్గాల గీత ఎవరు గీయాలి: శాసనసభా, కమిషనా?

పాలమూరు సభ్యుడు:
2027 జనగణన లెక్కలు వచ్చాక పునర్విభజన, అంటే జనాభాను బట్టి నియోజకవర్గాల సరిహద్దులు తిరిగి గీయడం, మళ్లీ ముందుకు వస్తుంది. ఆ పనిని మనం ఎన్నుకున్న శాసనసభకే అప్పగించాలని నా వాదన. 2008 పునర్విభజనలో మిర్యాలగూడ లోక్‌సభ స్థానం పోయి భువనగిరి వచ్చింది. అలా ఎందుకు చేశారని ఏ ఓటరైనా ఎవరిని నిలదీయగలిగాడు? ఇప్పుడు ఆ గీతలు గీసే పునర్విభజన కమిషన్‌లో మన ఎంపీలు, ఎమ్మెల్యేలు సహ సభ్యులుగా కూర్చున్నా వారికి ఓటు లేదు.

నల్గొండ సభ్యుడు:
నిలదీసే వీలు లేదన్న మీ బాధ న్యాయమైనదే గానీ, దానికి మీరు చెప్పే మందును నేను ఒప్పుకోలేను. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ఈ పని శాసనసభలదే. 2025లో టెక్సాస్ రిపబ్లికన్లు జనగణనతో నిమిత్తం లేకుండా, దశాబ్దం మధ్యలోనే, తమకు మరో ఐదు స్థానాలు దక్కేలా సరిహద్దులు మార్చుకుంటే, కాలిఫోర్నియా డెమోక్రాట్లు దానికి బదులుగా స్వతంత్ర కమిషన్ గీసిన సరిహద్దులను పక్కనపెట్టడానికి నవంబరులో ఓటర్ల ఆమోదం పొందారు. గెలిచినవారి చేతికే గీత ఇస్తే ఓటరు అభిప్రాయం మారినా ఫలితం మారని పరిస్థితి వస్తుంది.

అంత దూరం కూడా పోనక్కరలేదు, మన తుంగతుర్తి నియోజకవర్గాన్ని చూడండి. 2016లో రాష్ట్ర ప్రభుత్వం నల్గొండ జిల్లాను మూడుగా విడగొట్టినప్పుడు తుంగతుర్తి, తిరుమలగిరి సూర్యాపేటకు, మోత్కూరు, అడ్డగూడూరు యాదాద్రి భువనగిరికి వెళ్లగా, శాలిగౌరారం నల్గొండలోనే ఉండిపోయింది. ఒకే ఎమ్మెల్యే ఊళ్ల పనులకు ముగ్గురు కలెక్టర్ల దగ్గరికి వెళ్లాలి. ఎన్నికైన ప్రభుత్వం గీసిన గీతలే ఇవి. నియోజకవర్గాలను కూడా వారికే అప్పగిస్తే ఇంతకంటే మెరుగ్గా చేస్తారని నేను నమ్మలేను.

పాలమూరు సభ్యుడు:
తుంగతుర్తి సంగతి కాదనను. మా కల్వకుర్తి కూడా నాగర్‌కర్నూల్, రంగారెడ్డి జిల్లాల మధ్య చీలింది. అయినా కమిషన్ ఉత్తర్వును లోక్‌సభ, శాసనసభల ముందు ఉంచుతారే తప్ప ఒక్క అక్షరం మార్చనివ్వరు, కోర్టులో ప్రశ్నించరాదని చట్టమే చెబుతుంది. దీన్ని ప్రజాస్వామ్యమని ఎలా అనుకోమంటారు?

నల్గొండ సభ్యుడు:
కోర్టు తలుపు పూర్తిగా మూసుకోలేదు. ఉత్తర్వు స్పష్టంగా ఏకపక్షమైనదై, రాజ్యాంగ విలువలకు విరుద్ధమైతే న్యాయస్థానాలు పరిశీలించవచ్చని సుప్రీంకోర్టు 2024లో చెప్పింది. సహ సభ్యుడు కోరితే అతని భిన్న ప్రతిపాదనను కూడా ముసాయిదాతో పాటే ప్రచురించాలని, అభ్యంతరాలపై బహిరంగ విచారణ జరపాలని 2002 పునర్విభజన చట్టం చెబుతోంది. లోపమల్లా ఆ తర్వాతి అంచెలో ఉంది: అభ్యంతరం చెప్పిన ఊరికి, ఎందుకు కాదన్నారో రాతపూర్వకంగా తెలియజేయాలి. విచారణ ప్రతి జిల్లా కేంద్రంలోనూ జరగాలి. దేవరకొండ తండాల వారు ఒక్క మాట చెప్పుకోవడానికి హైదరాబాద్ దాకా రావలసిన అవసరం ఉండకూడదు. ఈ రెండింటినీ చట్టంలో చేర్చాలని మన ఎంపీలను అడుగుదాం, మీరూ సంతకం పెట్టండి.