సీమ చింతకాయ ఏ సీమది?

అందరికీ నమస్కారం. పోయిన ఆదివారం మా ఇంట్లో సీమ చింతకాయల దగ్గర మొదలైన మాట ఎక్కడెక్కడికో పోయింది. మూడు రోజులుగా నాకు అదే ధ్యాస, అందుకే ఇక్కడ పెడుతున్నాను, తెలిసినవాళ్లు కలపండి.

మాది అనంతపురం, బెంగళూరు వచ్చి పన్నెండేళ్లయింది. ఎండాకాలంలో గాంధీ బజార్ పక్కన తోపుడు బళ్ల మీద ఈ కాయలు కుప్పలు పోస్తారు, వాటిని చూస్తే మా అత్త అడుగు ముందుకు వేయదు. పావుకిలో కట్టించుకుని వచ్చి, వరండాలో కాళ్లు చాపుకుని కూర్చుని, జిలేబీలా మెలి తిరిగిన కాయను చీల్చి, లోపల తెల్లగా, అంచున గులాబీ రంగు పులుముకున్న పప్పు తీసి మా పాప నోట్లో పెడుతూ ఉంది. గింజలు మాత్రం పారేయనివ్వదు. నల్ల గింజ పైపొట్టును గోటితో కొంచెం కొంచెంగా గీకాలి, దాని కింద ఉండే గోధుమరంగు పొర మీద గీత కూడా పడకూడదు, తెల్లపప్పు కనబడిందా ఓడిపోయినట్టే. అరవై ఎనిమిదేళ్ల మనిషి, కళ్లజోడు ముక్కు మీదికి జార్చుకుని, ఊపిరి బిగబట్టి ఆ గింజ ఒలుస్తుంటే చూడాలి మీరు.

అప్పుడు అడిగింది మా పాప. "అవ్వా, సీమ చింతకాయ అంటే మన రాయలసీమదే కదా?"

"కాదు పాపా, సీమంటే దొరల దేశం. దొరలు సీమకు పోయినారు, సీమనుంచి వచ్చినారు అనేటోడు మా తాత."

"దొరల దేశంలో మంచు పడుతుంది కదవ్వా, ఈ చెట్టు అక్కడెట్లా బతుకుతుంది?"

మా అత్త దగ్గర జవాబు లేదు, నా దగ్గరా లేదు. రాత్రి కూర్చుని చదివితే తెలిసింది, ఈ చెట్టు పుట్టిల్లు మెక్సికో, దాని కిందనున్న మధ్య అమెరికా. స్పెయిన్ వాళ్ల ఓడలు 1565 నుంచి 1815 దాకా, అంటే రెండు వందల యాభై ఏళ్లు, మెక్సికోలోని అకపుల్కో నుంచి ఫిలిప్పీన్స్‌లోని మనీలాకు తిరిగేవి. వాటితో పాటే ఈ గింజలూ పసిఫిక్ సముద్రం దాటాయి. అందుకే ఇంగ్లీషులో దీన్ని మనీలా చింత అంటారు, ఇంకో పేరు మద్రాసు ముల్లు. చూడండి, ఒక్కటి కూడా మెక్సికో పేరు చెప్పదు!

ఇందులో మన కోస్తా కూడా ఉంది. విలియం రాక్స్‌బర్గ్ అని ఈస్టిండియా కంపెనీ డాక్టరు ఒకాయన ఉండేవాడు, మన సామర్లకోటలో తోట వేసి మొక్కల మీద పనిచేసినవాడు. ఈ చెట్టును శాస్త్రానికి వర్ణించి మొదట పేరు పెట్టింది ఆయనే. ఆ పేరులోని 'డల్సే', అంటే తియ్యనిది అన్న మాట, ఇప్పటికీ నిలిచి ఉంది. ముందున్న 'పిథెసెల్లోబియం' తర్వాతివాళ్లు చేర్చింది, దానికి గ్రీకులో అర్థం కోతి చెవిపోగు. మెలి తిరిగిన కాయను చూసి అలా అన్నారు. ఇది చెప్పగానే మా పాప రెండు కాయలు చెవులకు తగిలించుకుని ఇల్లంతా ఎగిరింది. ఇంకొక సంగతి, ఈ చెట్టు చింతకన్నా తుమ్మకు దగ్గరి చుట్టం.

ఇక మాట సంగతికి వస్తాను. సంస్కృతంలో సీమ అంటే హద్దు, పొలిమేర. హద్దు అన్న మాట మెల్లగా హద్దు లోపలి నేలకు పేరైంది, కోనసీమ అలాంటిదే. మళ్లీ అదే మాట హద్దుకు అవతలి నేలకూ పేరైంది, సీమదొర, సీమసరుకు. ఒకే మాట 'మాది' అనడానికీ పనికొచ్చింది, 'మాది కాదు' అనడానికీ పనికొచ్చింది. మా పాప మొదటి అర్థం పట్టుకుంది, మా అత్త రెండోది పట్టుకుంది. రాయలసీమ అన్న పేరు 1928లో నంద్యాల సభలో పెట్టుకున్నది, ఇంకా వందేళ్లు నిండలేదు. అంతకు ముందు దత్తమండలాలు అనేవాళ్లు, నిజాం 1800లో కంపెనీకి ధారపోసిన జిల్లాలు కాబట్టి. రాక్స్‌బర్గ్ ఈ చెట్టును చూసింది అంతకన్నా ముందే. కాబట్టి రాయలసీమ అన్న పేరు పుట్టేనాటికే సీమ చింత మన గట్ల మీద కాస్తూ ఉంది.

నాకనిపించేది ఏమిటంటే, ఈ పేర్లలో సీమ అంటే ఇంగ్లండు కాదు, పొలిమేర దాటి వచ్చింది అని మాత్రమే. మీరేమంటారు?

చెన్నై నుంచి ఒక తమ్ముడు:
అక్కా, మాది నెల్లూరు, ఇక్కడ అంబత్తూరులో ఉద్యోగం. తమిళంలో సీమ చింతను కొడుక్కాపుళి అంటారు, సీమ అనరు. కానీ సీమై అన్న మాట వీళ్లకీ ఉంది. కిరసనాయిలు సీమెణ్ణెయ్, జెర్సీ ఆవు సీమైప్పసు. ఇంకొక విచిత్రం, మనం బెంగళూరు వంకాయ అనేదాన్ని వీళ్లూ బెంగళూరు కత్తరిక్కాయ్ అనే అంటారు. మరి బెంగళూరులో మీరేమంటారు? ఉత్త వంకాయ అంటారా?

నా జవాబు:
తమ్ముడూ, నువ్వు అసలైనది అడిగావు. ఇక్కడి పేరు సీమెబదనెకాయి! బదనె అంటే వంకాయ. మనం బెంగళూరు వైపు చెయ్యి చూపిస్తే బెంగళూరు వాళ్లు పొలిమేర అవతలికి చెయ్యి చూపిస్తున్నారు. బెంగళూరు వచ్చిన కొత్తలో నేను కూరగాయలామెను 'బెంగళూరు బదనెకాయి ఉందా' అని అడిగితే, 'ఇక్కడ ఉండేవన్నీ బెంగళూరువే కదమ్మా' అని నవ్వింది.

దీని పుట్టిల్లు కూడా మెక్సికోనే. అక్కడి నావాట్ల్ భాషలో చయోట్లి, దాన్నుంచి స్పానిష్‌లో చయోటె. టమాటా, చాకొలేట్ మాటలు కూడా ఆ నావాట్ల్ నుంచి వచ్చినవే, పది లక్షల మందికి పైగా ఇవాళ్టికీ ఇంట్లో మాట్లాడే భాష అది. లాల్‌బాగ్‌ను 1874 నుంచి 1908 దాకా చూసుకున్న జాన్ కేమరన్ ఈ తీగను బెంగళూరుకు తెప్పించాడని ఇక్కడివాళ్లు చెప్పుకుంటారు. ఇక్కడి చల్లదనానికి బాగా కాసింది, ఇక్కణ్ణించి బళ్లెక్కి మన ఊళ్లకు వచ్చింది. ఎవరి చేతిమీదుగా అందిందో వాళ్ల పేరు పెట్టుకున్నాం మనం.

అసలిది వంకాయే కాదు, గుమ్మడి, దోసల కుటుంబం. చెక్కు తీసి చూడండి, జిగురు పాలు కారి వేళ్ల మీద ఆరిపోతే చర్మం బిగుసుకుని తిమ్మిరెక్కినట్టు ఉంటుంది, మా అత్త అందుకే చేతికి నూనె రాసుకుని కూర్చుంటుంది. గుమ్మడిలో బోలెడు గింజలుంటాయి కదా, దీంట్లో ఒక్కటే ఉంటుంది, అదీ కాయ లోపలే మొలకెత్తుతుంది. విత్తనం విడిగా ఎండబెట్టి దాచుకోవడం కుదరదు, కాయను కాయగానే నాటాలి.

మదనపల్లె నుంచి ఒక టీచరమ్మ:
టమాటాల ఊరినుంచి ఒక మాట. పాతకాలంలో టమాటాకు మన తెలుగులో సీమవంకాయ అన్న పేరు ఉండేది, రామములగ అని కూడా అనేవాళ్లు. మా పిల్లలకు ఇది చెబితే నవ్వుతారు. కానీ వృక్షశాస్త్రం ప్రకారం టమాటా, వంకాయ రెండూ సొలానం అన్న ఒకే ప్రజాతి, స్వయానా అక్కచెల్లెళ్లు. పూలు పక్కపక్కన పెట్టి చూడండి, ఐదు కోణాల నక్షత్రం, మధ్యలో పసుపు. ఊదా పువ్వు వంకది, పసుప్పచ్చది టమాటాది. ఆ పేరు పెట్టిన రైతు ఎవరో గానీ ఆకూ పువ్వూ చూసే పెట్టి ఉంటాడు. అంత సరైన పేరును మనం వదిలేసుకున్నాం, బెంగళూరు వంకాయ మాత్రం నిలబడింది.

ఒక పెద్దాయన:
అమ్మా, చర్చ బాగుంది కానీ మీ అత్తగారి మాట అంత తేలిగ్గా తీసేయకండి. మా నాన్నగారి తరంలో సీమ చదువు అంటే అచ్చంగా ఇంగ్లండు చదువే. కన్నడంలో సుద్దముక్కను సీమెసుణ్ణ అంటారు, అది ఇంగ్లండు సున్నం కాక మరేమిటి?

నా జవాబు:
మాస్టారూ, తీసేయడం లేదండీ. మనుషులూ చదువులూ దగ్గరికి వచ్చేసరికి సీమ అంటే ఇంగ్లండే, ఒప్పుకుంటాను, నా మొదటి పోస్టులో ఆ ముక్క చేర్చి ఉండాల్సింది. కానీ సీమటపాకాయ మాటేమిటి? మందుగుండు పుట్టిల్లు చైనా కదా. చెట్లూ సరుకుల పేర్లలో మాత్రం సీమ అంటే బయటిది అన్నంతవరకే అని నా నమ్మకం.

మదనపల్లె టీచరమ్మే మళ్లీ:
సుద్ద మాట వచ్చింది కాబట్టి ఆగలేకపోతున్నాను, క్షమించండి. ఇంగ్లండు దక్షిణపు ఒడ్డున, డోవర్ దగ్గర, సముద్రం పక్కన నిలువెత్తు తెల్లకొండలుంటాయి, అవి మొత్తం సుద్దే. ఆ సుద్ద ఎక్కడిదంటే, కంటికి కనబడనంత చిన్న నాచుజీవులు సముద్రంలో బతికి, వాటి ఒంటిమీది సున్నపు పెచ్చులు అడుక్కి చేరి, కోట్ల ఏళ్లు పేరుకుని గట్టిపడినది. డైనోసార్ల చివరి యుగానికి క్రిటేషియస్ అన్న పేరు వచ్చింది కూడా లాటిన్‌లో సుద్ద అనే మాట నుంచే. అది 6 కోట్ల 60 లక్షల ఏళ్ల కిందట ముగిసింది. ఇప్పుడు బళ్లలో వాడే సుద్దముక్కలు ఎక్కువగా జిప్సంతో చేసినవి, అది వేరు. అయినా బోర్డు మీద రాసేటప్పుడల్లా నాకు ఆ నాచే గుర్తొస్తుంది.

కడప నుంచి:
రాయలసీమలో సీమతుమ్మ గురించి ఎవరూ చెప్పలేదే! మా వైపు కంపచెట్టు అంటాం, సర్కారు తుమ్మ అని కూడా. ఇది కూడా అమెరికా ఖండం నుంచి వచ్చిందే. 1877-78 ప్రాంతంలో మద్రాసు అటవీ శాఖవాళ్లు జమైకా నుంచి విత్తనాలు తెప్పించి మా జిల్లా కమలాపురంలో నాటారు. కరువు నేల కదా, వంటచెరకు ఉంటుంది, నేల పచ్చబడుతుంది అనుకున్నారు. ఇప్పుడు చెరువు, వంక, శ్మశానం, ఎక్కడ చూసినా అదే, పీకితే మళ్లీ వస్తుంది. పొయ్యిలోకి కట్టెలిచ్చింది, బొగ్గు కాల్చుకునేవాళ్లకు అన్నం పెట్టింది, అది కూడా రాయాలి. కన్నడం వాళ్లు దీన్ని బళ్ళారి జాలి అంటారు. అంటే వాళ్లు చెయ్యి చూపించేది మా వైపు, పాత దత్తమండలాల వైపు.

చెన్నై తమ్ముడు:
చెయ్యి చూపించడం అంటే టర్కీ కోడి తర్వాతే ఎవరైనా. ఆ పక్షి కూడా మెక్సికో వైపుదే. ఇంగ్లీషువాళ్లు టర్కీ నుంచి అనుకున్నారు. టర్కీ వాళ్లు దాన్ని 'హిందీ' అంటారు, అంటే ఇండియాది. ఫ్రెంచి పేరు కూడా ఇండియాదనే. పోర్చుగీసు వాళ్లు పెరూ అంటారు. డచ్ వాళ్లయితే ఏకంగా మన కాలికట్ పేరు పెట్టారు, కాల్కూన్ అని! కాలికట్‌లో ఎవరూ ఎరగని కోడికి.

ఇంకొకరు, హోసూరు నుంచి:
ఒక్క పండు, మూడు ఊళ్లు. మనం బత్తాయి అంటాం, అది బటావియా, అంటే ఇప్పటి జకార్తా పేరు నుంచి వచ్చిందని చెబుతారు. తమిళం వాళ్ల సాత్తుకుడి వేలూరు దగ్గరి సాత్‌గఢ్ అంటారు. మొసంబి మొజాంబిక్. మా హోసూరు బస్టాండులో జ్యూస్ బండి మీద మూడు పేర్లూ రాసి ఉంటాయి.

పెద్దాయన:
ఇంతసేపూ ఎవరూ సీమంతం ఎత్తలేదు. సీమంతం అంటే తలమీది పాపిట, జుట్టుకు హద్దు గీసే గీత. గర్భిణికి ఆ పాపిట తీర్చే వేడుక సీమంతోన్నయనం, మనం పొట్టిగా సీమంతం అంటున్నాం. గాజులు తొడగడమే గుర్తుంది మనకు, పాపిట మరిచిపోయాం.

నా జవాబు:
మాస్టారూ, ఇది చదివి వినిపిస్తే మా అత్త కాసేపు మాట్లాడలేదు. తర్వాత పాపను దగ్గరికి లాక్కుని, దువ్వెనకొసతో నడినెత్తిన గీత తీస్తూ, "ఇదిగో, ఇది కూడా సీమే" అని చూపించింది. పాప అద్దంలో చూసుకుని, "ఇటు మన సీమ, అటు దొరల సీమ" అంది.

కడప నుంచి:
అక్కా, కాయను కాయగానే నాటాలన్నారు కదా, మీరెప్పుడైనా నాటారా?

నా జవాబు:
నాటాం. ఈ చర్చకు ముందే వంటింట్లో బుట్టలో మరిచిపోయిన బెంగళూరు వంకాయ ఒకటి కొస దగ్గర నోరు తెరిచి నాలుక బయటపెట్టింది. అది వండొద్దని పాప పట్టుబట్టింది. బాల్కనీ కుండీలో మొలక పైకి ఉండేలా, కాయ సగం మట్టిలో సగం బయట పడుకోబెట్టాం. తీగ ఇప్పటికి మూరెడు ఎక్కింది, బట్టలారేసే తాడు అందుకోవాలని చూస్తోంది. కుండీకి పాప ఒక చీటీ అంటించింది, దాని మీద తెలుగులో పెద్ద అక్షరాలతో 'చయోట్లి' అని రాసింది.