మోవర్ స్టార్టవ్వట్లేదా? ముందు ట్యాంకు చూడు

రాజోలు కుర్రాడు:
అన్నయ్యలకు, అక్కలకు నమస్కారం. మాది రాజోలు పక్కన పల్లెటూరండి. డిసెంబర్‌లో ఒహాయో వచ్చాం, అద్దె ఇల్లు. గడ్డి కోసే మెషీన్ గరాజ్‌లో ఉంది, వాడుకోమన్నారు ఓనరుగారు. ఇప్పుడు గడ్డి చూస్తే ఊడ్పులైన చేనులా ఉంది. తాడు లాగీ లాగీ భుజం పట్టేసింది, మెషీన్ మాత్రం ఉలకదు. ట్యాంకులో సగం పెట్రోలు అలాగే ఉంది. కొత్తది కొనెయ్యమంటారా?

అమలాపురం అన్న:
ఆయ్, కొనకు తమ్ముడూ. ఆ సగం ట్యాంకే నీ సమస్య. అది అక్టోబర్ నాటి పెట్రోలు అయ్యుంటుంది.

ఇక్కడ బంకుల్లో పోసే పెట్రోల్లో మామూలుగా 10 శాతం దాకా ఇథనాల్ కలిసి ఉంటుంది. అది గాలిలో తేమని పీల్చుకుంటుంది. తేమ ఎక్కువైతే నీళ్లూ ఇథనాలూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుక్కి చేరతాయి. ఇంజన్ పీల్చేది ఆ అడుగు నుంచే కదా! పెట్రోలు ఆవిరైపోయిన చోట మిగిలే జిగురు కార్బొరేటర్లోని (పెట్రోల్ని గాలితో కలిపి ఇంజన్‌కి అందించే భాగం అది) సన్నటి రంధ్రాల్ని మూసేస్తుంది. దాళ్వా కోతలయ్యాక మన కాలువలు కట్టేసి పూడిక తీస్తారు చూడు, ఇదీ అలాంటిదే. ధవళేశ్వరం దగ్గర ఎన్ని నీళ్లున్నా, పిల్లకాలువలో గుర్రపుడెక్క పట్టేస్తే శివారు చేనుకి చుక్క దిగదు. పాతదాని మీద కొత్త పెట్రోలు పోసి చూద్దాం అనుకోకు, మొత్తం తీసెయ్యాలి.

ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు బయట ఆరుబయట పెట్టుకో. గరాజ్‌లో వద్దు. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువు, నేల మీదే పాకుతుంది. ఆ మూల వాటర్ హీటర్‌లో మంట వెలుగుతూ ఉంటే ఇక చెప్పక్కర్లేదు. ముందు ఇంజన్ స్పార్క్ ప్లగ్గు మీద వైరు పీకి పక్కకు పెట్టు, బ్లేడు పొరపాటున కూడా తిరగకూడదు.

మా నాన్నగారు చేలో ఆయిల్ ఇంజన్‌కి పైపు నోట్లో పెట్టుకుని కిరసనాయిలు పీల్చి తీసేవారు. నేనూ నేర్చుకున్నాను, గొప్పగా. ఆ విద్య ఇక్కడ మర్చిపో. ఒక్క గుక్క ఊపిరితిత్తుల్లోకి పోతే ఆసుపత్రే. నొక్కితే పీల్చే చేతి పంపు హార్డ్‌వేర్ షాపులో దొరుకుతుంది, దాంతో తీసి డబ్బాలో పొయ్యి. పెట్రోలుకి ఇక్కడ ఎర్ర డబ్బా. పసుపుది డీజిలుకి, నీలం రంగుది కిరసనాయిలుకి.

అడుగున మిగిలిన దాని కోసం ట్యాంకు కింద రబ్బరు గొట్టం క్లిప్పు జరిపి ఊడదియ్యి. తర్వాత గ్లాసుడు కొత్త పెట్రోలు పోసి గిలకరించి వంపు. తేటగా వచ్చేదాకా రెండు మూడుసార్లు. నీళ్లతో కడగొద్దు. గుడ్డతో తుడిస్తే పోగులు రాలనిది చూసుకో. గొట్టం మధ్యలో చిన్న ఫిల్టర్ ఉంటే మార్చేసెయ్, దాని మీద బాణం ఇంజన్ వైపు ఉండాలి. కార్బొరేటర్ అడుగున గిన్నెలా ఉండే దానికి ఒక బోల్టు ఉంటుంది. కింద పళ్లెం పెట్టి అదీ విప్పు, పాత మురికి అక్కడ కూడా దాక్కుంటుంది.

ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకో: మెషీన్ వంచాల్సి వస్తే ఎయిర్ ఫిల్టర్ ఉన్న వైపు పైకి ఉండాలి. నా మొదటి ఏడాది నేను రెండో వైపుకి పడుకోబెట్టాను. ఇంజన్ ఆయిలంతా ఫిల్టర్లోకి దిగింది. స్టార్ట్ చేస్తే భోగిమంటకి మించిన తెల్ల పొగ! పక్కింటి పెద్దాయన మంట ఆర్పే సిలిండర్ పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

నరసాపురం అక్క:
ఇంకో మాట తమ్ముడూ. మనూళ్లో పాత టీవీఎస్ మోపెడ్‌కి పెట్రోల్లో ఆయిల్ కలిపినట్టు దీనికి కలిపేవు! మా ఆయన ఆ పని చేశారు. మోవర్లు చాలావరకు ఫోర్ స్ట్రోక్, ఆయిల్‌కి వేరే మూత ఉంటుంది. అంచులు కోసే దారం మెషీన్లలోనే కలపాల్సినవి ఎక్కువ. బంకులో ఈ15, అంటే 15 శాతం ఇథనాల్ ఉన్న పంపు దగ్గరికి పోవద్దు, చిన్న ఇంజన్లకి పది శాతమే హద్దు. డబ్బాని కారు డిక్కీలో ఉంచి నింపకు, కింద నేల మీద పెట్టి పట్టించు.

అమలాపురం అన్న:
అక్క చెప్పింది నిజం. పైగా చలికాలానికి ముందు రెండు దారులున్నాయి. ట్యాంకు ఖాళీ చేసి ఇంజన్ ఆగేదాకా నడపడం ఒకటి. కొత్త పెట్రోల్లో స్టెబిలైజర్, అంటే పెట్రోలు త్వరగా పాడవకుండా చూసే మందు కలిపి, కార్బొరేటర్లోకి చేరేలా ఓ పది నిమిషాలు నడపడం రెండోది. నేను మొదటిదే చేస్తాను, బద్ధకస్తుణ్ణి.

రాజోలు కుర్రాడు:
అన్నయ్యా, ట్యాంకులోంచి వచ్చింది బెల్లం పాకం రంగు, అడుగున నీటి బుడగలు కూడా. కడిగాక ఐదోసారి లాగితే అందుకుంది! ఫిల్టర్ వైపు పైకే పెట్టాను. పాత పెట్రోలు రెండు లీటర్లు డబ్బాలో ఉంది, పెరట్లో పారబోస్తే గడ్డి చస్తుందా?

నరసాపురం అక్క:
గడ్డి సంగతి దేవుడెరుగు, నేలా నీళ్లూ పాడవుతాయి. డ్రైనేజీలో కూడా పొయ్యకు. మీ కౌంటీ వాళ్లు ఇళ్లలోని ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే రోజు ఒకటి ఉంటుంది, వాళ్ల వెబ్‌సైట్లో చూడు. అప్పటిదాకా మూత బిగించి, ఇంటికి విడిగా ఉన్న షెడ్డులో, పిల్లలకి అందకుండా పెట్టు.